పాపయ్యగారి ఆమెన్

సలోమి నన్ను మొదటిసారి తిట్టింది కుళాయి దగ్గర. రెండోసారి దేవుడి దగ్గర.

1987 జూలై. నేను రాయ్‌పూర్ వచ్చి నెల కూడా కాలేదు. రైల్వే క్వార్టర్ల పక్క బస్తీలో అద్దెగది, ఉర్లాలో ఫ్యాక్టరీ ఉద్యోగం. పైన వాన దంచుతోంది గానీ కుళాయిలో మాత్రం రోజుకు గంటే నీళ్ళు. షిఫ్టుకి టైమైపోతోందని పక్కింటి శేషమ్మ మామ్మ బిందెను కాలితో జరిపి నా బకెట్టు పెట్టాను.

"ఏటండీ అది? మామ్మ బిందె మీకు ఫుట్‌బాల్‌లా కనబడతందా?"

తిరిగి చూస్తే గొడుగు కింద ఇంతింత కళ్ళు.

"డ్యూటీకి లేటవుతోందండీ."

"మామ్మకి మోకాళ్ళు పోయాయి. లైన్ మే ఆవో, భాయ్‌సాబ్!"

భాయ్‌సాబ్! ఇరవై ఆరేళ్ళ పెళ్ళికాని వాణ్ణి పట్టుకుని అన్నగారూ అంటుందా!

ఆ సాయంత్రం మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థన కూటం పాపయ్యగారింట్లో; నేను వెళ్ళడం అదే మొదటిసారి. ఆయన రైల్వేలో ఫిట్టరు, సంఘపెద్ద. చాప మీద కూర్చుని తలెత్తితే, ఎదురుగా ఆయన కూతురు. గొడుగు పిల్లే!

మా కూటాల్లో ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. ఆ సంగతి సలోమికి బాగా తెలుసు.

"ప్రభువా, ఆదివారం గొంతు చించుకుని పాటలు పాడి, సోమవారం ముసలమ్మల బిందెలు తన్నేవాళ్ళ మనసు మార్చు తండ్రీ."

"ఆమెన్!" అన్నారందరూ. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

నా వంతు వచ్చింది. "ప్రభువా, తప్పు నాదే. అయితే ప్రార్థన పేరుతో పరువు తీసేవాళ్ళ నాలుకను కూడా కాస్త చూసుకో తండ్రీ."

ఒంటికన్ను తెరిచి చూశాను. ఆమె కూడా ఒంటికన్నుతో చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. అంతే, నా పని అయిపోయింది.

మర్నాటి నుంచి మామ్మకి రెండు బిందెలు మోశాకే నా బకెట్టు. సలోమి చూస్తుందనే మోశాను, అబద్ధమెందుకు? రెండు వారాలకు ఆమె ఖరగ్‌పూర్‌లో పిన్నిగారింటికి వెళ్ళింది. ఇక మానేద్దామనుకున్నాను. కానీ మామ్మ టీ కాచి గుమ్మంలో కూర్చునేది. చనిపోయిన కొడుకు కబుర్లు చెప్పేది. ఎలా మానను? పొరుగువాళ్ళను ప్రేమించడం ఇంత బరువుంటుందని ప్రసంగాల్లో ఎవరూ చెప్పలేదు. షిఫ్టుకి రెండుసార్లు లేటై చీవాట్లు కూడా తిన్నాను.

నెల తర్వాత ఓ పొద్దున మామ్మే బాంబు పేల్చింది.

"సలోమి వచ్చిందిరా బాబూ. వచ్చే ఆదివారం పెళ్ళిచూపులంట. ఖరగ్‌పూర్ సంబంధం."

టీ గ్లాసు కింద పెట్టేశాను. "ఆమెకి ఇష్టమేనా మామ్మా?"

"నన్నడుగుతావేటి? ఆ పిల్లనే అడుగు!"

గురువారం కూటం. పాపయ్యగారి మీసం చూస్తే నోరు పెగల్లేదు. కళ్ళు మూసుకున్నాక ధైర్యం వచ్చింది.

"ప్రభువా, శేషమ్మ మామ్మ మోకాళ్ళు బాగుచెయ్యి."

"ఆమెన్!"

"మా ఫ్యాక్టరీ కూలీలను కాపాడు."

"ఆమెన్!"

"సలోమి అంటే నాకు ప్రాణం. ఆమెకి ఇష్టమైతే నాకు భార్యగా ఇయ్యి."

"ఆమెన్!"

అందరికంటే గట్టిగా వినిపించింది పాపయ్యగారి గొంతే. మరుక్షణం ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏటన్నావురా ఏలియా?"

"మీరు ఆమెన్ అన్నారు కదండీ..."

"అలవాట్లో అనేసినానురా!"

"దేవుడి ముందు అనీసి ఎనక్కి తీసుకుంటావేటి నాన్నా?" అంది సలోమి.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకిష్టమేటే?"

"నేను చూస్తుంటేనే మోసినోడైతే వద్దనేదాన్ని నాన్నా. నేను ఊళ్ళో లేని నెల్లాళ్ళూ మామ్మకి నీళ్ళు మోసాడంట. నాకిష్టమే."

ఆయన ఒకసారి మీసం దువ్వుకున్నాడు. చివరికి నా చెయ్యి పట్టుకుని లేవదీసి, నెమ్మదిగా అందరికీ చెప్పాడు.

"ఈడు మా అల్లుడు."

నేను ఏడ్చేశాను. సలోమి పకపకా నవ్వింది.