ముందు చక్రం అమ్మకానికి లేదు

“ముందు చక్రం లేదు. అది లేకుండా కావాలంటే తీసుకోండి, వద్దంటే తలుపు తీసే ఉంది.”

ఓర్నెల్లా వెనక్కి తిరక్కుండానే చెప్పింది. చేతిలో పాతగుడ్డ, ఎదురుగా తాతయ్య నీలం సైకిల్. ఆమె తుడిచే తీరు చూస్తే సైకిల్ రంగు మొత్తం గుడ్డకే వచ్చేసేలా ఉంది.

“చక్రం లేని సైకిల్ ఎవరు కొంటారండీ?” అన్నాడు వచ్చినవాడు.

గుడ్డ ఆగిపోయింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఆ గొంతు వీధిలో వినపడితే చాలు, కిటికీ దగ్గరికి పరిగెత్తేది.

“నువ్వా!”

“నేనే.” గుమ్మంలో లోరిస్ వానకి తడిసి ముద్దయి నిలబడ్డాడు. షెడ్డు చూరు నీళ్ళు సరిగ్గా అతని మెడ మీదే పడుతున్నాయి. లోపలికి రమ్మని ఆమె అనలేదు, రానా అని అతనూ అడగలేదు.

“పొద్దున్న ఫోన్ చేసిన పెద్దమనిషివి నువ్వేనా? ఎవరో ముసలాయన అన్నాడే తాతయ్య!”

“జలుబు చేసింది.”

“అబద్ధం కూడా సరిగ్గా చెప్పడం రాదు నీకు.”

“నేర్పిస్తానన్నావుగా. మధ్యలో వదిలేశావు.”

ఈ మాటకి ఒకప్పుడైతే ఓర్నెల్లా పగలబడి నవ్వేది. ఇప్పుడు ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

ఆ సైకిల్‌కి బ్రేకులుండవు. గిన్నెలా వాలుగా కట్టిన ట్రాక్ మీద, పందెం కోసం మాత్రమే తొక్కే సైకిల్ అది. ఆన్‌సెల్మో తాత వయసులో ఉన్నప్పుడు పాదువా పట్నంలో ఒక పనివాడు ఆయన కాళ్ళూ చేతులూ దర్జీలా కొలుచుకుని, ఒక్కో గొట్టం తన చేత్తోనే కోసి అతికించి తయారు చేశాడు. అతుకుల మీద ఆకురాయితో చిన్న చిన్న తమలపాకులు దిద్దాడు. ఆ పనివాడు పోయాడు. అతని చేతి సైకిళ్ళు ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకవు. అందుకే ఆ మధ్యాహ్నం దాన్ని చూడ్డానికి మ్యూనిక్ నుంచి ఒక జర్మన్ వస్తున్నాడు.

తాత తర్వాత దాన్ని తొక్కింది ఓర్నెల్లా తమ్ముడు ఇవానో. మనవడికి తాత కొలతలే వచ్చాయి. ముందటేడు సెప్టెంబర్లో, ఊరి ట్రాక్ మీద, పందెం చివరి మలుపులో ఆ సైకిల్ మీంచే పడ్డాడు. పక్కనే వస్తున్నది లోరిస్. ఇవానో మళ్ళీ కళ్ళు తెరవలేదు.

అది ప్రమాదమే అన్నారు పందెం జడ్జీలు. ఊరు ఒప్పుకోలేదు. బార్‌లోనూ మంగలి షాపులోనూ లోరిస్ అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. అతను సైకిల్ ఎక్కడం మానేసి కూరగాయల లారీ నడుపుకుంటున్నాడు. ఓర్నెల్లా తలుపు మాత్రం చాలాసార్లు తట్టాడు. ఎవరూ తీయలేదు.

“సైకిల్ కొనేంత డబ్బు నా దగ్గర లేదు. ఆ చక్రం ఒక్కసారి చూపించు, చాలు. వెళ్ళిపోతాను.”

“ఎందుకు?”

“నా పెడల్ వాడి చక్రానికి తగిలిందో లేదో నాకు తెలీదు. నిజంగా తెలీదు ఓర్నెల్లా. తగిలుంటే స్పోకులు విరిగుంటాయి. ఇవాళ దాన్ని ఎవరో కొనుక్కుపోతే ఇక ఎప్పటికీ తెలీదు.”

“తెలిసి ఏం చేస్తావు?”

“ఏమో. కనీసం పడుకునేటప్పుడు ఏ పక్కకి తిరిగి పడుకోవాలో తెలుస్తుంది.”

ఓర్నెల్లా మళ్ళీ గుడ్డ అందుకుంది. “లేదు. బ్రెంటా నదిలో పారేశాను.”

“ఎప్పుడు పారేశావే?” ఇంట్లోంచి ఆన్‌సెల్మో తాత కేకేశాడు. “వైన్ పీపాల వెనక గోనెసంచిలో ఉందిగా!”

వెనకే ఆయనా వచ్చాడు, మొక్కజొన్న పిండితో వండే పొలెంటాని కలిపే తెడ్డు చేత్తో పట్టుకుని. లోరిస్‌ని ఎగాదిగా చూశాడు. లోరిస్ తల దించుకున్నాడు.

“జలుబు తగ్గిందా?”

“తాతయ్యా! నీకు ముందే తెలుసా?”

“నాకు మోకాళ్ళు పోయాయే, చెవులు పోలేదు.” తెడ్డు నుంచి కారుతున్న పిండిని వేలితో తీసుకుని నోట్లో వేసుకున్నాడు. “చక్రాన్ని ఎందుకు దాచావో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగను. కానీ ఆ జర్మన్ వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకోండి. నా పొలెంటా మాడుతోంది.”

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఓర్నెల్లా సైకిల్ పక్కన నేల మీద చతికిలబడింది.

“ఆ టైరు అంటించింది నేను.”

లోరిస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ సైకిళ్ళ టైర్లని రిమ్ముకి బంకతో అంటిస్తారు. బంక పూయాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పూయాలి. ఎంత ఓపికుంటే అంత గట్టిగా పట్టుకుంటుంది. ఇవానో ఆ పని అక్కకి తప్ప ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

“ముందు రోజు నువ్వు సినిమాకి రమ్మన్నావు, గుర్తుందా? తొందరపడ్డాను. ఆరాల్సినంత ఆరిందో లేదో కూడా చూడలేదు. వాడు పడిపోయాక చూస్తే టైరు ఊడి వేలాడుతోంది. చక్రాన్ని సంచిలో కుక్కేశాను. ఇప్పటిదాకా దాని మూతి విప్పలేదు.”

“ఓర్నెల్లా...”

“ఆగు, చెప్పనీ. ఊరంతా నిన్ను తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. తిట్టనీ, నువ్వే అయ్యుంటావు అనుకున్నాను. నువ్వు తలుపు కొడితే కోపంతో తీయలేదనుకున్నావా? సిగ్గేసి తీయలేదు.”

లోరిస్ గడప దాటి లోపలికి వచ్చాడు. ఆమెను దగ్గరికి తీసుకోవాలని ఉంది, కానీ ఆ హక్కు తనకుందో లేదో తెలియలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“అయితే చూడొద్దు. నదిలోనే పారేద్దాం. నేనే తగిలించాననుకుందాం. ఊరికి ఎలాగూ అలవాటైపోయింది.”

“దానం చేస్తున్నావా నాకు?” చివ్వున లేచింది. “ఇక్కడే ఉండు.”

సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. ముడి రెండుసార్లు లాగింది, రాలేదు. ముడి లోరిస్ విప్పాడు. ఏం చూడాలో ఇద్దరికీ తెలుసు. బంక వదిలేసి ఉంటే రిమ్ము నున్నగా ఉంటుంది. బంక పట్టుకుని ఉంటే, దెబ్బకి టైరు ఊడినా దాని అడుగు బట్ట చిరిగి రిమ్ముకే అంటుకుని ఉంటుంది.

ఓర్నెల్లా గట్టిగా కళ్ళు మూసుకుంది. “నువ్వు చూసి చెప్పు. అబద్ధం చెప్పావో...”

“నాకు రాదన్నావుగా.”

అతని గోరు రిమ్ము మీద గీకుతున్న చప్పుడు వినిపించింది.

“బట్ట రిమ్ముకే ఉంది. చుట్టూతా. గోటితో గీకినా రావట్లేదు. నీ బంక వదల్లేదు, ఓర్నెల్లా.”

ఆమె బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ తమ్ముడి కోసం ఏడ్చిన ఏడుపులో కూడా భయం కలిసే ఉండేది. ఇప్పుడు మొదటిసారి అచ్చంగా వాడి కోసమే ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి లోరిస్ కదలకుండా నిలబడి ఉన్నాడు. అతని వేలు స్పోకుల మీద ఉంది. కుడివైపు స్పోకులు తెగి లోపలికి వంగి ఉన్నాయి. ఆ రోజు కుడివైపు ఉన్నది అతనే.

“నా పెడలే,” అన్నాడు మెల్లగా.

“కావాలని తగిలించావా?”

“లేదు. గెలవాలని దూరాను. అంతే.”

“వాడైనా అంతే చేసేవాడు.”

“వాడు చేసుంటే పోయేది నేను.”

“అప్పుడు వాణ్ణి ఇంట్లోంచి గెంటేసేదాన్నా?” ఆమె చక్రాన్ని పక్కకి జరిపింది. “నువ్వే అయ్యుండాలని రోజూ మొక్కుకున్నాను, లోరిస్. ఇప్పుడు నువ్వే అని తేలింది. నీ మీద కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా దొరకట్లేదు. నిన్ను చూడకుండా ఎలా ఉన్నానో అదొక్కటే గుర్తొస్తోంది.”

“నాకు భయంగా ఉంది,” అన్నాడు లోరిస్.

“నాకూ.”

బయట వ్యాన్ ఆగింది. గొడుగు వేసుకుని జర్మన్ దిగాడు. సైకిల్‌ని చూడగానే చిన్నపిల్లాడిలా మోకాళ్ళ మీద కూర్చుని అతుకుల మీది తమలపాకులని వేలితో నిమిరాడు. ఆన్‌సెల్మో తాత చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

“మరి ముందు చక్రం?” అని అడిగాడు జర్మన్.

తాత మనవరాలి వైపు చూశాడు.

“ముందు చక్రం అమ్మకానికి లేదు,” అన్నారు ఓర్నెల్లా, లోరిస్ ఒకేసారి.

ధర కొంచెం తగ్గింది. ఆన్‌సెల్మో తాత బేరమాడలేదు. ఇవానో పడిన దగ్గర్నుంచి ఆ సైకిల్ ఇంట్లో ఉంటే ఆయనకు ముద్ద దిగడం లేదు. వ్యాన్ మలుపు తిరిగేదాకా వానలోనే నిలబడి, తర్వాత షెడ్డులోకి వచ్చి బల్ల మీద చక్రాన్ని చూశాడు.

“ఏం తేలింది?”

ఓర్నెల్లా నోరు తెరవబోయింది. లోరిస్ ఆమె కంటే ముందు చెప్పేశాడు.

“నేనే, తాతగారూ. నా పెడల్ తగిలింది.”

ముసలాయన తెగిన స్పోకుని ఒకదాన్ని పట్టుకుని నెమ్మదిగా సరిచేయబోయాడు. అది మళ్ళీ వంగింది. వదిలేశాడు.

“పొలెంటా అడుగంటింది,” అన్నాడు చివరికి. “అయినా తినొచ్చు. లోపలికి రా.”

లోరిస్ కదల్లేదు. ఓర్నెల్లా అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

గుమ్మం దగ్గర ఆన్‌సెల్మో తాత ఆగి, వెనక్కి చూడకుండానే అన్నాడు.

“కిటికీ పక్క కుర్చీ ఇవానోది. అందులో మాత్రం కూర్చోకు.”

ఓర్నెల్లా వంటింట్లోంచి ఇంకో కుర్చీ తెచ్చి, తన కుర్చీ పక్కన వేసింది.