దారంతో కుట్టిన అక్షరాలు

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఎల్లారెడ్డిలో బాలరాజు తన ఐదేళ్ల కూతురు అనిల బట్టలు సంచిలో సర్దాడు. ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేదని ప్రైవేటు బడిలో పిల్లను చేర్చుకోలేదు. ఏడాదిపాటు దోమకొండలో నాయనమ్మ దగ్గర ఉంచుదామని అతను నిర్ణయించాడు. తీసుకుపోవడానికి అతని తల్లి గంగాబాయి ముందురోజే వచ్చింది.

అతని భార్య కళ్యాణి కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. బిడ్డకు అక్షరాలు నేర్పింది ఆమే. తెల్ల గుడ్డముక్కల మీద ఒక్కో అక్షరాన్ని ఒక్కో రంగు దారంతో కుట్టింది. అ ఎరుపు, ఆ ఆకుపచ్చ, ఇ నీలం. ఇంట్లో అనిల అన్నీ చెప్పేది. బడిలో నల్లబల్ల మీద సుద్దతో రాసి అడిగితే నోరు విప్పలేదు.

మిషను మీదున్న ధ్యాస పిల్ల మీద లేదని, అందుకే మొద్దులా తయారైందని బాలరాజు అన్నాడు. పిల్లకు అన్నీ వచ్చని, బడిలో భయపడిందని కళ్యాణి అంది. గుడ్డముక్కలు తెచ్చి చూపింది. అనిల గడగడా చెప్పింది.

“మరి బడిల మూగదైందా?” అన్నాడు బాలరాజు.

గంగాబాయి ఇద్దరినీ ఊరుకోమని మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. “నాకు సుత చెప్పు బిడ్డా, నీ సదువు.”

అనిల నాయనమ్మ చీర అంచు పట్టుకుంది. అది ఎరుపు.

“ఇది అ,” అంది. తర్వాత ఆమె ఆకుపచ్చ గాజుల మీద వేలు పెట్టింది. “ఇది ఆ.”

గంగాబాయి నవ్వింది. “నా ఒంటినిండ అక్షరాలేనా?”

కళ్యాణి నవ్వలేదు. “పిల్ల రంగులు చదివింది. నేను అక్షరాలనుకున్న. రంగులేసి నేర్పింది నేనే,” అంది.

బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దతో గచ్చు మీద అ, ఇ రాసింది. రెండూ తెల్లగానే ఉన్నాయి. అనిల వాటిని చూసి తల్లి ముఖం చూసింది. కళ్యాణి పిల్ల వేలు పట్టుకుని గీతల వెంట నడిపించింది. అడిగితే తప్పు చెప్పింది. మళ్లీ తప్పు చెప్పింది. బాలరాజు వచ్చి పక్కన కూర్చున్నాడు. దోమకొండ పోవడానికి ఎక్కాల్సిన కామారెడ్డి బస్సు వేళ దాటిపోయింది. చివరికి ఇ ఏదని అడిగితే, ఏ వైపు రాసినా అనిల సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

“మొద్దు అన్న. తప్పయింది,” అన్నాడు బాలరాజు భార్యతో.

“నాతోని గాదు. పిల్లతోని చెప్పు.”

చెప్పాడు.

మధ్యాహ్నం బస్సుకు గంగాబాయి ఒక్కతే దోమకొండ బయల్దేరింది. బాలరాజు వెళ్లి అడిగితే, తర్వాతి వారం బడిలో అనిలను మళ్లీ పిలిచారు. నల్లబల్ల మీద ఐదు అక్షరాలు రాశారు. మూడు చెప్పింది. చేర్చుకున్నారు.