జ్ఞానయ్య ఇంట్లో వార్తలు

జగ్గయ్యపేటలో జ్ఞానయ్య ఇల్లున్న సందులోకి పొద్దుగూకాక ఎవరూ అడుగుపెట్టరండి. దూరమైనా సరే, చుట్టూ తిరిగే పోతారు. జ్ఞానయ్య పోయాడు. భార్య జయమణి చిల్లకల్లులో చెల్లెలింటికి చేరింది. కరెంటు పీకేశారు, వీధి తలుపుకి తాళం పడింది. అయినా కొన్ని రాత్రిళ్లు లోపల రేడియో వార్తలు వినపడతాయట...

ఈ మాట విని అందరికంటే ఎక్కువ హడలిపోయింది నందిగామ రేడియో మెకానిక్కు వెస్లీ. ఎందుకంటే జ్ఞానయ్య రేడియో ఆ ఇంట్లో లేదు. తన కొట్లోనే ఉంది.

సంగతేంటంటే— మంచాన పడ్డాక జ్ఞానయ్యకి రేడియో ఒక్కటే కాలక్షేపం. స్పీకరు వైరు తెగితే వెస్లీకి పంపాడు. చిటికెలో అయ్యే పని. కానీ ఆ సెట్లో మూడు కాళ్ల చిన్న ఐసీ ఒకటుంది, స్టేషన్ పట్టేది అదే. దాని తయారీ ఎప్పుడో ఆపేశారు. ఆన్‌లైన్లో తెప్పిస్తే మామూలు ట్రాన్సిస్టర్ మీద దొంగపేరు అచ్చేసి పంపుతున్నారు. సరిగ్గా అప్పుడే ఓ పెద్దమనిషి అదే ఐసీ పోయిన తన పాత సెట్టు తెచ్చి, బాగయ్యేదాకా కదిలేది లేదని స్టూలేసుకు కూర్చున్నాడు. వెస్లీ చెయ్యి ఊరుకుందా? జ్ఞానయ్య సెట్లోది ఊడబీకి దానికి వేసేశాడు. నాలుగు రోజుల్లో ఇంకోటి దొరక్కపోతుందా అనుకున్నాడు.

దొరకలేదు. జయమణి ఫోన్ చేసినప్పుడల్లా "పార్టు పోయిందండి, వెతుకుతున్నా" అనేవాడు. వెతకడం నిజమే. పోయిందన్నదే అబద్ధం. ఈలోగా జ్ఞానయ్య కన్నుమూశాడు. సమాధిలో మట్టి వేసేటప్పుడు వెస్లీ తలెత్తలేదు.

మొన్న పాతసామాన్ల కొట్లో చెడిపోయిన సెట్టొకటి విప్పితే అసలు సిసలుది దొరికింది. బిగించగానే విజయవాడ స్టేషను గలగలా పలికింది. వెస్లీకి ఏడుపొచ్చింది. చిల్లకల్లు వెళ్లి ఆవిడ చేతికిచ్చెయ్యొచ్చుగా? ఇవ్వలేడు. ఎవరూ చూడకుండా ఆ ఇంటి అరుగు మీద పెట్టేసి వద్దామని రాత్రిపూట బయల్దేరాడు. తప్పు చేసినోడికి దెయ్యం కంటే మనిషంటేనే భయం మరి.

సందు చివర బండి ఆపాడు. కటిక చీకటి... సంచిలోంచి రేడియో తీసి అరుగు మీద పెట్టబోయాడు—

"ప్రాంతీయ వార్తలు... నందిగామలో పత్తి ధర..."

లోపల్నుంచి. ఆడగొంతు.

రేడియో చూస్తే తన చేతుల్లోనే ఉంది. స్విచ్చు తడిమాడు... కట్టేసే ఉంది. బ్యాటరీలు ఊడబీకాడు.

వార్తలు ఆగలేదు.

"ప్రభువా..." అనుకున్నాడు. ఒళ్లంతా చెమట. రేడియో గుండెలకి హత్తుకుని బండివైపు తిరిగాడు.

అంతలో వార్తల మధ్య... దగ్గు.

రేడియో దగ్గదు కదండీ. వెస్లీ గోడ పట్టుకుని పెరటివైపు వెళ్లాడు. తలుపు చేరవేసి ఉంది. మెల్లగా తోశాడు—

కొవ్వొత్తి ముందు జయమణి. చేతిలో పేపరు. పక్కన జ్ఞానయ్య మంచం, ఉతికిన దుప్పటి పరిచి, ఖాళీగా.

"వెస్లీ... రా నాయనా," అందావిడ. "రేడియో లేదుగా, ఆఖర్లో ఆయనకి నేనే చదివేదాన్ని. మానలేకపోతున్నా. చెల్లెలింట్లో చదివితే పిచ్చనుకుంటారు, అందుకే ఇక్కడికొస్తా." అతని చేతుల వంక చూసింది. "పార్టు దొరికిందా? కుటుంబ ప్రార్థనలో రోజూ నీ పేరే. ఆ అబ్బాయికి పార్టు దొరికేలా చూడు తండ్రీ, అని అడిగేవాడాయన."

వెస్లీ నేలమీద కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"పార్టు పోలేదమ్మా... నేనే తీసి ఇంకొకరికి వేశా."

జయమణి పేపరు మడిచింది. ఖాళీ మంచం వంక ఓసారి చూసి, అతని మీదికి వంగి గుసగుసగా అంది—

"మెల్లగా చెప్పు నాయనా... ఆయన వింటాడు."