పదకొండు అరచేతులు

"చచ్చిపోయిన మనిషి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకుందండీ," అంది వచ్చినావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్ చేతిలోని పేపరు మడిచాడు. పక్క బల్ల దగ్గర ఫైళ్ళు సర్దుతున్న ఆయన మేనకోడలు చటుక్కున తలెత్తింది. మావయ్య దగ్గర సహాయకురాలిగా చేరి మూడేళ్ళయినా, ఇలాంటి మాట వినడం ఆమెకు ఇదే మొదలు.

వచ్చినావిడ ఒక వైద్య సంఘానికి కార్యదర్శి. జైళ్ళలో హెపటైటిస్ రోగులకు సేవ చేసేవాళ్ళను ఏటా కొందరిని ఎంచి విదేశంలో జరిగే సదస్సుకు పంపడం ఆ సంఘం పని. ఈసారి వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి జైలు ఆస్పత్రి నర్సుది. ఆ నర్సు గుండె ఆగి చనిపోయి రెండున్నర నెలలయింది.

"బతికుండగా రాసిపెట్టుకున్నదేమో?"

"నేనూ అలాగే అనుకున్నాను. ఇది చూడండి." ఆవిడ వేలితో ఒక వాక్యం చూపించింది. 'మా పదకొండు మందిలో పెద్దాయనకు పోయిన ఆదివారం కడుపు ఉబ్బింది. మందు ఆగి డెబ్భై రోజులు దాటింది.'

"జైలుకి ఫోన్ చేస్తే ఆ ఆదివారం నిజంగానే ఉబ్బిందన్నారు. ఫొటో పంపితే, రాత ఆవిడదేనని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఆయన కూడా మాకు దరఖాస్తు పెట్టారండీ. ఆయన ఫారంలో మాత్రం పదకొండు మందికీ మందు కోర్సు పూర్తయిందని ఉంది."

డిటెక్టివ్ కవరును వెలుతురుకు పట్టాడు. కాగితం ముడతలు పడి ఉంది. చిరునామాలోని సిరా అలుక్కుపోయింది.

"వాన పడి ఎన్నాళ్ళయిందే?"

"నెల దాటింది మావయ్యా."

మర్నాడు పొద్దున ఎనిమిదికి వాళ్ళు జైలు ఆస్పత్రి వసారాలో ఉన్నారు. ఎత్తయిన కప్పు, సున్నం రాలిన గోడలు, చివర మందులిచ్చే కిటికీ. దాని చెక్క తలుపు మూసే ఉంది. గంట కొట్టారు. పదకొండు మంది ఖైదీలు చప్పుడు చేయకుండా వచ్చి ఆ మూసిన కిటికీ ముందు వరుసగా నిలబడ్డారు.

ఎక్కడినుంచో మెత్తని గొంతు సాగదీస్తూ వినిపించింది. "చెయ్యి చాపూ... మింగూ... నీళ్ళు తాగూ... నోరు తెరువూ..."

ఒక్కొక్కరే ఖాళీ అరచెయ్యి చాపారు. ఖాళీ అరచెయ్యే నోటి దగ్గర పెట్టుకున్నారు. గ్లాసుతో నీళ్ళు తాగి, నోరు తెరిచి, కిటికీకి చూపించి వెళ్ళిపోయారు. మేనకోడలు మావయ్య పక్కకు జరిగింది.

"నర్సమ్మ పిలుపండీ అది," అన్నాడు వార్డరు గుసగుసగా. "ఆవిడ పోయినా ఆగలేదు. నేనైతే ఈ వేళప్పుడు ఇటు రాను."

వరుసలో చివర నిలబడిన తల నెరిసిన ఖైదీ అప్పటికే వసారా మలుపులో నేల తుడుస్తున్నాడు. ఆస్పత్రి పనులు చేసేది అతనే. నర్సు అలా పిలిచేదట, అందుకని జైలంతా అతన్ని 'తమ్ముడు' అనే పిలుస్తారు.

డాక్టరు విసుక్కున్నాడు. "నేనిక్కడికొచ్చి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ చూస్తున్న రాత అది. దయ్యమో ఏమో నాకు తెలీదు, రాత మాత్రం ఆవిడదే."

ల్యాబ్ టెక్నీషియన్ రక్తం గొట్టాలను మంచు పెట్టెలో సర్దుకుంటోంది. వారానికోసారి ఆ పెట్టెను బయటి ల్యాబ్‌కు ఆమే తీసుకెళుతుంది. "ఆవిడదేనండీ," అంది తలెత్తకుండా.

డిటెక్టివ్ నర్సు బల్ల సొరుగు తెరిచాడు. వాడి వాడి సాగిపోయిన మణికట్టు పట్టీ ఒకటుంది. కింద రోగుల కార్డులు. వాటిలో నిన్నటి తేదీ వరకూ అదే గుండ్రటి రాత. డాక్టరు తాళం వేసుకున్న మందుల బీరువా దగ్గర, అద్దంలోంచి లోపలి డబ్బాలను డిటెక్టివ్ చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం నర్సు భర్త కొట్టుకు వెళ్ళారు. ఆయన దర్జీ.

"కుడిచెయ్యి రెండేళ్ళకు పైగా పని చెయ్యనే లేదండీ," అన్నాడాయన కుట్టు ఆపి. "పొద్దున్నే బొత్తాలు నేనే పెట్టి పంపేవాణ్ణి. ఉద్యోగం పోతుందేమోనని అక్కడ చెప్పుకునేది కాదు."

మర్నాడు అందరూ నర్సు గదిలో చేరారు. సూపరింటెండెంట్, డాక్టరు, టెక్నీషియన్, కార్యదర్శి, దర్జీ. గోడవారగా తమ్ముడు.

"ఇక్కడ దయ్యం లేదు," అన్నాడు డిటెక్టివ్. "రెండేళ్ళకు పైగా పెన్ను పట్టలేని మనిషి రాతను డాక్టరుగారు రెండేళ్ళుగా చూస్తున్నారు. అంటే, ఆయన ఆవిడ రాతను ఒక్కసారీ చూడలేదు. ఆవిడ చెబితే ఇంకొకరు రాశారు. ఆ రాసే చెయ్యి ఇంకా బతికే ఉంది. పొద్దున్నే వరుస చివర నుంచి వచ్చి, ఎత్తయిన కప్పుకు తగిలి ఎక్కడిదో తెలియకుండా వినిపించే గొంతూ అతనిదే. అవునా, తమ్ముడూ?"

"అవునండీ," అన్నాడు తమ్ముడు.

"మరి కవరు తడిసిందేం?" అడిగింది కార్యదర్శి.

"మంచు పెట్టెలో ప్రయాణం చేసింది కాబట్టి. గోడ దాటే వాటిలో విప్పి చూడనిది ఆ పెట్టె ఒక్కటే."

టెక్నీషియన్ ముందుకొచ్చింది. "ఫారం తెచ్చిచ్చిందీ, పోస్టు చేసిందీ నేనే. నా నోటితో చెప్పే ధైర్యం లేక..."

"తప్పు మీ ఇద్దరిదేనా?" డిటెక్టివ్ బీరువా వైపు తిరిగాడు. "కార్డుల ప్రకారం నర్సు పోయేటప్పటికి పన్నెండు వారాల కోర్సులో అయిదో వారం. మిగతా డబ్బాలు సీలు కూడా తీయకుండా అక్కడే ఉన్నాయి. డాక్టరుగారూ, కోర్సు పూర్తయిందని ఎలా రాశారు?"

"కొత్త నర్సు వచ్చాక ఇద్దామని..." డాక్టరు నసిగాడు. "ఈలోగా దరఖాస్తు గడువు దగ్గరపడింది."

"మూడు అర్జీలు పెట్టానండీ," అన్నాడు తమ్ముడు. "ఆరోగ్యం సంగతులన్నీ చివరికి డాక్టరుగారి బల్ల మీదికే వస్తాయి. ఖైదీ రాస్తే ఎవరు చదువుతారు? అక్క పేరు చూస్తేనన్నా భయపడి చదువుతారనుకున్నా."

"మరి ఆ ఖాళీ చేతులు?" మేనకోడలు ఉండబట్టలేక అడిగింది.

"ఆ పదకొండులో నేనూ ఒకణ్ణమ్మా. ఇక మందు రాదని తెలిస్తే మనిషి మంచం దిగడు. వేళ తప్పకూడదని అక్క పోరేది. అందుకే పిలుస్తూ వచ్చా."

సూపరింటెండెంట్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. డాక్టరు ఇచ్చాడు. ఆ సాయంత్రమే అతన్ని విధుల నుంచి తప్పించారు.

వేరే డాక్టరు వచ్చి అందరికీ మళ్ళీ పరీక్షలు చేసి, మందు మొదటి నుంచి మొదలుపెట్టాడు. పది మందికి నయమైంది. కడుపు ఉబ్బిన పెద్దాయన మాత్రం దక్కలేదు. సదస్సుకు టెక్నీషియన్ వెళ్ళింది. అప్పుడు చెప్పలేకపోయినదంతా అక్కడ వేదిక మీద చెప్పింది.

చనిపోయిన మనిషి పేరు వాడుకున్నందుకు తమ్ముడికి నెల రోజులు ములాఖత్‌లు రద్దు చేశారు. ఏడేళ్ళుగా అతన్ని చూడటానికి ఎవరూ వచ్చింది లేదు కాబట్టి, ఆ శిక్ష విని వార్డర్లు నవ్వుకున్నారు.

నెల గడిచిన మర్నాడు దర్జీ కొట్టు మూసి జైలు గేటు దగ్గర వరుసలో నిలబడ్డాడు. కిటికీ వెనక గుమస్తా పుస్తకం తెరిచి, ఖైదీకి మీరేమవుతారని అడిగాడు.

దర్జీ కిటికీకి దగ్గరగా వంగాడు.

"బావని," అన్నాడు.