కారు కింది రేకు

నిర్మలమ్మ వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ పెట్టి వచ్చేసరికి భర్త ఏసోబు అరుగు మీద కూర్చొని గడ్డం గీసుకుంటున్నాడు. గోడకు అద్దం ఉంది. అయినా ఆయన చెంపను వేళ్లతో తడుముకుంటూ గీస్తున్నాడు.

"ఎడమ దిక్కు సగం వదిలినవ్," అంది నిర్మలమ్మ.

"బ్లేడు మొండిది."

బ్లేడు నిన్ననే మార్చాడు. ఏడాదిగా రెండు కళ్లకూ పొరలు కమ్ముకొస్తున్నాయి. మనిషి ఎదురొస్తే గొంతును బట్టి పేరు పట్టి పిలుస్తున్నాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు బస్సుల గ్యారేజీలో పనిచేసి, హాలియాలో సాగర్ రోడ్డు మీద షెడ్డు వేసుకున్నాడు. స్పానరు పట్టేది ఇప్పుడు కొడుకు ఇస్రాయేలే అయినా, బండ్లు వచ్చేది తండ్రి పేరు మీద. పని అయ్యాక ఏసోబు బండి కిందికి దూరి, బయటికొచ్చి, "నడుస్తది" అంటే చాలు, ఆ బండి నడిచినట్టే. ఆ ముసలాయనకు కళ్లు కనిపించవని తెలిస్తే షెడ్డు ముందు ఆగేదెవరు?

అది తొంభై ఏడో సంవత్సరం, యాసంగి కోతల కాలం. ఆ పొద్దునే హుజూర్‌నగర్ కాంట్రాక్టర్ కొడుకు ఎర్ర కారొకటి షెడ్డు ముందుకు తెచ్చాడు. బయటి దేశం బండి, ఇద్దరే పట్టేది, నేలకు జానెడెత్తున ఉంది. ఉరకాల్సిన బండి ఎడ్లబండిలా మూలుగుతూ వచ్చింది.

ఇస్రాయేలు జాకీ పెట్టి లేపి, కిందికి దూరి చూసి వచ్చాడు. "బాపూ, పొగగొట్టం నడుమ డబ్బా ఉంటది గదా, పొగను శుద్ధి చేసేది. గది మూసుకపోయింది. సీసం లేని పెట్రోలే పొయ్యాలె దీనికి. మన దిక్కు ఏడ దొరుకుతది? మామూలుది పోసి పోసి ఖరాబు చేసిన్రు."

"కంపెనీ డబ్బా తెప్పియ్యాలె," అన్నాడు ఏసోబు.

"మూడు నెలలైతదంట. నాకు గంత ఓపిక లేదు," అన్నాడు కాంట్రాక్టర్ కొడుకు. "పట్నంల కంపెనీయి గాకుండ బయట తయారుచేసినయి దొరుకుతున్నయి. గదే ఎయ్యిండ్రి."

మూడో రోజుకు పట్నం నుంచి డబ్బా వచ్చింది. కంపెనీదాని కన్నా పొడుగు, కిందికి వేలాడుతోంది. పాతదాని కింద వేడి తగలకుండా ఒక రేకు కవచం ఉండేది. అది దీనికి అతకలేదు. ఇస్రాయేలు పగలంతా వెల్డింగు చేసి డబ్బా బిగించాడు. ఆ రేకు చేతిలో పట్టుకొని తండ్రి దగ్గరికొచ్చాడు.

"బాపూ, గీ రేకు పడ్తలేదు. గిది లేకుంటే నడుస్తదా? జర నువ్వు సూడు."

ఏసోబు గోనెసంచి పరుచుకొని, జాకీల మీద లేపిన కారు కిందికి దూరాడు. నల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. చేత్తో తడిమాడు. అతుకులు నున్నగా, గట్టిగా ఉన్నాయి. కారు దించితే డబ్బా నేలకు ఎంత దగ్గరవుతుందో చేతికి తెలియలేదు. బయట కాంట్రాక్టర్ కొడుకు నిలబడి ఉన్నాడు, చాయ హోటల్ ముందు నలుగురున్నారు. కనబడటం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"నడుస్తది," అన్నాడు.

రెండు రోజులకు ఆ కారు తిరుమలగిరి రోడ్డు మీద పోతోంది. బండ్లు తొక్కితే వడ్లు రాలుతాయని రైతులు రోడ్డు మీద వరి పరిచి ఉంచారు. దాని మీదుగా నడిపేసరికి గడ్డి డబ్బాకు చుట్టుకుంది. కాంట్రాక్టర్ కొడుకు ఎవరితోనో మాట్లాడటానికి లింగస్వామి అనే రైతు కల్లం పక్కన, ఎండుగడ్డి మీదనే కారు ఆపి దిగాడు. కాగిన డబ్బా వేడికి ఆ కాస్తసేపట్లోనే కింద నిప్పంటుకుంది. కారు కాలింది, గడ్డివాము కాలింది, పక్కనే ఎడ్ల కొట్టం కాలింది. లింగస్వామి లోపలికి ఉరికి ఒక ఎద్దు పలుపు విప్పాడు. రెండోదాని ముడి విప్పేలోపు పైకప్పు కూలింది. ఆ ఎద్దు పోయింది. లింగస్వామి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

పోలీసులు వచ్చినప్పుడు ఇస్రాయేలు ముందుకొచ్చాడు. "నేనే బిగించిన. బాపుకేం తెల్వదు," అన్నాడు. రెండు రోజులు ఠాణాలో ఉంచుకొని పంపారు. చెంప వాచి ఉంది. ఇంటికొచ్చి, స్నానం చేసి, తినకుండా పడుకున్నాడు. ఏసోబు అరుగు మీదే కూర్చున్నాడు.

వారం గడిచింది. షెడ్డు ముందు ఒక్క బండి ఆగలేదు. ఆదివారం చర్చిలో ఇస్రాయేలు పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇంటికి రాగానే నిర్మలమ్మ ఆగలేకపోయింది.

"నువ్వన్నా చెప్పవయ్య. నువ్వు కిందికి వొయ్యి చూసినవ్ గదా? మంచిగనే ఉన్నదని నలుగుర్ల ఒక్క మాట చెప్తే నీ నోటి ముత్యాలు రాల్తయా? పోరడు ఒక్కడే మోస్తాండు."

"వద్దమ్మా," అన్నాడు ఇస్రాయేలు.

"ఎందుకు వద్దు? తండ్రి గాదా?"

ఏసోబు ఆమె గొంతు వినిపించిన దిక్కు తిరిగాడు. "నేను చూడలే నిర్మలా. నాకు కనవడదు. ఏడాదైతాంది. నీ మొఖమే కనవడ్తలేదు. రేకు లేకుంటే నడుస్తదా అని వాడు అడిగిండు. నడుస్తదన్న."

నిర్మలమ్మ గోడకు ఆనుకొని అట్లాగే కిందికి జారి కూర్చుంది. కొడుకు కోపంతో మీదికొస్తాడని ఏసోబు తల వంచుకున్నాడు. వాడు అట్లా రావాలనే కోరుకున్నాడు.

"నాకెరుకే బాపూ," అన్నాడు ఇస్రాయేలు నెమ్మదిగా. "నీకు కనవడదని నాకు ఎప్పట్నుంచో ఎరుక. పదమూడు స్పానరడిగితే పద్నాలుగు ఇస్తున్నవ్. ఎరికుండే అడిగిన. గా రేకు లేకుంటే ఖతర్నాక్ అని నా మనసుల కొట్టుకుంటనే ఉన్నది. నువ్వు నడుస్తదంటే ఆ బరువు నా మీదికెళ్లి పోతదనుకున్న. గుడ్డోని సంతకం తీసుకున్నట్టు తీసుకున్న."

ఏసోబు చెయ్యి చాచాడు. కొడుకు తల అందింది. వాచిన చెంప చేతికి తగిలింది. ముగ్గురూ ఏడ్చారు. ఏడిస్తే తీరేది కాదని ముగ్గురికీ తెలుసు.

సాయంత్రం తండ్రీ కొడుకులు దవాఖానకు పోయారు. లింగస్వామి చేతులకు కట్లు కట్టి, రెండు తలగడల మీద పెట్టారు. భార్య జంగమ్మ ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. వీళ్లను చూసి ఆమె పక్కకు జరగలేదు. కూర్చోమనలేదు. ఏసోబు నిలబడే అంతా చెప్పాడు, తన కళ్ల సంగతి, తను అన్న మాట. ఇస్రాయేలు తన సంగతి చెప్పాడు.

లింగస్వామి విన్నాడు. "వేళ్లు మళ్ల ముడుసుకోవన్నడు డాక్టరు," అన్నాడు. "నాగలి పట్టుడు అయిపోయింది. గిప్పుడు మీరు చెప్తే ఏమైతది?"

"ఏం గాదు," అన్నాడు ఏసోబు. "ఊకే చెప్పకుండ ఉండలేక వచ్చినం."

"షెడ్డు అమ్ముతున్నం పెదనాయినా," అన్నాడు ఇస్రాయేలు. "వచ్చిన పైసలు నీకే. ఇంకో ఎద్దును కొన్నా, దున్నేటోడు కావాలె గదా. నేనొస్త. నాకు రాదు, నేర్చుకుంట."

జంగమ్మ గిన్నె కడగడానికి బయటికి పోయింది. ఆమె అడుగులు వరండాలో దూరమయ్యాయి. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు.

తర్వాత లింగస్వామి గొంతు వినిపించింది. దాంట్లో క్షమించినట్టు ఏమీ లేదు, తిట్టినట్టూ లేదు.

"గొంతు ఆరుకపోతాంది. జర నీళ్లు తాపు, పోరడా."

ఇస్రాయేలు కదిలిన అలికిడి, కూజా వంచిన చప్పుడు ఏసోబుకు వినిపించాయి. తర్వాత ఒకటొకటిగా గుటకలు. కొడుకు వెక్కుతూనే తాపిస్తున్నాడు. ఏసోబు గోడ పట్టుకొని ఆ చప్పుడు వింటూ, తనకు కనిపించని ఆ ఇద్దరి వైపే మొహం తిప్పి నిలబడ్డాడు.