చల్లారిన శనివారం

శనివారం ఉదయం ఇల్మా కాఫీ సగం తాగి పక్కన పెట్టేసింది. కడుపులో ఇక చోటు లేదు. మొన్న ఆసుపత్రిలో గొట్టం పెట్టి, పేగులో మొలిచిన పాలిప్‌ అనే చిన్న కండను తీసేశారు. అప్పుడు లోపలికి ఊదిన గాలి మాత్రం కాపురం పెట్టేసినట్టు కదలనంటోంది. లంగా హుక్కు పట్టక పిన్నీసు పెట్టుకుంది. అయినా కూతురు సైలా ఎలా ఉందని అడిగినప్పుడల్లా ఏమీ లేదనే అంటోంది.

నడిస్తే గాలి పోతుందన్నాడు డాక్టరు. జ్వరం వచ్చినా, రక్తం పడినా ఫోన్ చేయమన్నాడు. వారం పాటు సౌనాలో ఆవిరిస్నానం వద్దన్నాడు. ఆ చివరి మాటతో ఇల్మాకు ఆయన మీద నమ్మకం పోయింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఒక్క శనివారమైనా సౌనా గదిలోని పొయ్యి చల్లగా ఉన్నది లేదు. జలుబుకైనా, నడుంనొప్పికైనా, దిగులుకైనా ఆమెకు తెలిసిన మందు ఆ ఆవిరే. పాపం, కడుపుబ్బరం ఏం పాపం చేసిందట? సైలా సరుకులకు వెళ్లగానే బిర్చి చెట్టు కట్టెలు చంకన పెట్టుకుని సరస్సు ఒడ్డునున్న సౌనాకు నడిచింది.

సైలా తిరిగొచ్చేసరికి సౌనా గొట్టంలోంచి పొగ లేస్తోంది. లోపలికొచ్చి బకెట్టెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది.

"ఎవర్నడిగి ఆర్పావే? ఈ ఒళ్లు నాది."

"నాన్న ఒళ్లూ నాన్నదే. పేగులోంచి రక్తం పడుతున్నా ఏమీ లేదంటూ ఈ బల్ల మీదే కూర్చున్నాడు. నేను వీపు తోముతుంటే కూడా నోరు విప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అంతా అయిపోయింది."

"నేను మీ నాన్నని కాదు."

"అయితే చెప్పమ్మా. ఎలా ఉంది?"

ఏమీ లేదని అనబోయింది ఇల్మా. ఆ మాట మానేసి బల్ల మీద కూర్చుంది.

"ఉబ్బి చస్తున్నాను. అది కాదే, ఆ ముక్కను పరీక్షకు పంపారు కదా. భయంగా ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఇల్మా నోట భయమన్న మాట రావడం అదే మొదటిసారి. సైలా పక్కన కూర్చుని తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఇల్మా కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లను కారనిచ్చింది.

ఫోన్ చేస్తే నర్సు కూడా నడవమనే చెప్పింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఒడ్డు వెంట బయల్దేరారు. కాసేపటికి కడుపులోని గాలి దారి చూసుకుంది, అదీ సిగ్గులేకుండా. సైలా పగలబడి నవ్వింది.

"నవ్వు, నవ్వు. ఫలితం ఏదొచ్చినా ఇద్దరం కలిసే విందాం" అంది ఇల్మా. "కానీ వచ్చే శనివారం ఆ పొయ్యి నేనే వెలిగిస్తా. ఎవరు ఆపుతారో చూస్తా."

"కట్టెలు నేను మోస్తాలే" అంది సైలా.