పేజీలో మామ గొంతు

సాలమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతోంది. కోమల జడ అల్లుకుంటూనే, అత్త తుంచి ఇచ్చిన రొట్టె ముక్క నోట్లో వేసుకుంటోంది. తొమ్మిదింటికల్లా ఆమె చిట్యాల బస్టాండు పక్కనున్న ఆన్‌లైన్ సెంటర్ తెరవాలి. వాకిట్లో కుర్చీ వేసుకుని మామ ఇస్రాయేలు రోడ్డు వైపు చూస్తున్నాడు. పొద్దున పూట ఆ ఇంట్లో రొట్టె చరిచే చప్పుడూ, దూరంగా హైవే మీద లారీల మోతా తప్ప ఇంకేమీ వినిపించవు.

ఇల్లు అట్లా మూగబోయి రెండేళ్లయింది. ఆ హైవే మీదే పాలవ్యాను నడుపుతూ కోమల భర్త డానియల్ పోయాడు. అప్పటికి పెళ్లయి ఏడాదిన్నర కూడా కాలేదు. పుట్టింటివాళ్లు ఎన్నిసార్లు రమ్మన్నా కోమల వెళ్లలేదు. "అత్తమ్మ ఒక్కతే అయితది" అంది. నిజానికి ఇస్రాయేలు ఉన్నా లేనట్టే. హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరైన ఆయన, ఒకప్పుడు చుట్టుపక్కల ఎక్కడ వాలీబాల్ పోటీలు జరిగినా మైకు పట్టి ఆట చెప్పేవాడు. ఆయన చెబుతుంటే ఆట తెలియనివాళ్లు కూడా నిలబడి వినేవాళ్లు. కొడుకు పోయాక గ్రౌండులో అడుగు పెట్టలేదు. కొడుకు పేరు కూడా నోటి వెంట రానివ్వలేదు.

ఆ రోజు గేటు తీసుకుని ఐలేశం వచ్చాడు. డానియల్‌తో కలిసి ఆడినవాడు, ఇప్పుడు వాలీబాల్ క్లబ్బుకు సెక్రటరీ.

"కాకా, బాగున్నవా?" అని ఇస్రాయేలును పలకరించాడు. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఐలేశం లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"వదినా, నీతోటి పనుండి వచ్చిన. ఆడపిల్లల టీము మంచిగ తయారైంది. గని మనల్ని ఎవ్వలు పిలుస్తలేరు. గిప్పుడు అందరు ఫోన్లనే చూస్తున్నరు. మనకు ఒక పేజీ ఉన్నది గని అండ్ల గుడ్ మార్నింగులు తప్ప ఏం లేవు. గా పని మొత్తం నువ్వే చూస్కోవాలె."

"నేనా? నాకు ఆట గురించి ఏం తెల్వదన్నా."

"ఆట మేం చూస్కుంటం. నువ్వు నలుగురికి చూపెట్టు."

కోమల అత్త వైపు చూసింది. సాలమ్మ రొట్టె మీద నుంచి చూపు తిప్పకుండానే, "పో బిడ్డా. పొద్దుమూకితే ఇంట్ల మనం ముగ్గురం మొఖాలు చూస్కునుడే గదా" అంది.

కోమల పని మొదలుపెట్టింది. పని పట్టుకుంటే వదిలే మనిషి కాదు. ముందు పేజీలో ఉన్న పూలబొమ్మలూ, నాయకుల పుట్టినరోజు పోస్టర్లూ తీసేసింది. కెప్టెన్ మల్లికకు ఫోన్ ఇచ్చి పిల్లల చేత మాట్లాడించింది. పత్తి చేను నుంచి నేరుగా ప్రాక్టీసుకు వచ్చే పిల్ల ఒకతి, తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే పిల్ల ఇంకొకతి. వాళ్లు నవ్వుతూ, సిగ్గుపడుతూ చెప్పిన మాటలు పేజీలో పెట్టింది. ఆదివారం ఆటలు లైవ్ పెట్టించింది. చూసేవాళ్లు కొద్దికొద్దిగా పెరిగారు. కానీ ఆట లైవ్ పెడితే మాత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయేవారు. బంతి అటు పోతోంది, ఇటు వస్తోంది, మాట లేదు.

"పాత వీడియోలు ఏమన్న ఉన్నయా అన్నా?" అని ఒక రోజు ఐలేశాన్ని అడిగింది. అతను కాసేపు తటపటాయించి తన ఫోన్‌లోది ఒకటి పంపాడు.

అది ఆలేరులో జరిగిన ఫైనల్ మ్యాచ్. నెట్ దగ్గర ఏడో నంబరు చొక్కాతో డానియల్. వెనక మైకులో మామ గొంతు గలగలా పారుతోంది. "అగో లేసిండు... లేసిండు... ఏడో నంబరు గాల్లకు లేసిండు! కొట్టిండు సూడు! బంతి ఏడ వడ్డదో అవతలోల్లు ఇంకా ఎతుక్కుంటున్నరు!"

కోమల సెంటర్ షట్టరు సగం దించి, కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసింది. కొత్త కోడలు గ్రౌండుకు పోతే నలుగురూ ఏమంటారో అని, భర్త ఆడుతుంటే ఆమె ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆయన ఆట చూడటం ఆమెకు అదే మొదలు. మామ అంతలా నవ్వుతూ మాట్లాడటం వినడం కూడా అదే మొదలు. ఇంటికి వెళ్లి అత్తకు చూపించింది. సాలమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వింది. మర్నాడు కోమల ఆ వీడియోను పేజీలో పెట్టింది. మామను అడగలేదు. అడిగితే వద్దంటాడని ఆమెకు తెలుసు.

వీడియో ఊరు దాటింది, జిల్లా దాటింది. కొత్తకోట నుంచి ఒకరు, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కొందరు రాశారు. ఏడో నంబరు పిల్లవాడి గురించి అడిగినవాళ్ల కన్నా, "ఆ మైకు పట్టిన పెద్దమనిషి ఎవరు?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

రెండు రోజుల తర్వాత, పొద్దున చాయ్ తాగి వస్తానని వెళ్లిన ఇస్రాయేలు వెంటనే తిరిగి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు.

"కోమలా!"

రెండేళ్లలో ఆయన అంత గట్టిగా పిలవడం ఇదే మొదటిసారి. సాలమ్మ చేతిలో చెంబు అట్లాగే పట్టుకుని నిలబడింది.

"హోటల్ల ఎవడో పోరడు ఫోన్ల పెట్టి అందరికి సూపిస్తుండు. నవ్వుకుంట! నా కొడుకుని బజార్ల పెట్టినవా నువ్వు?"

"మామా, బజార్ల పెట్టుడు కాదు..."

"మరేంది? నీ క్లబ్బుకు జనం గావాలె. దానికి నా పిలగాడు దొరికిండు. సచ్చినోని తోటి సోకు జేస్కుంటరా?"

"గట్ల అనకుర్రి మామా. నేను ఆయన ఆట ఎన్నడు చూడలే. నేను చూసినట్టే అందరు చూడాలనుకున్న. గంతే."

"నీకేంది? నువ్వు రేపొద్దుగాల ఇంకో ఇల్లు చూస్కుంటవు. నాకు ఇంకో కొడుకు దొరుకుతడా?"

ఆ మాటతో కోమల ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి, ఆయన ముందే వీడియో తొలగించింది.

"తీసేసిన మామా. మిమ్మల్ని అడగకుండ పెట్టుడు నా తప్పే." కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నం డబ్బా కూడా తీసుకోకుండా బయటకు నడిచింది.

సాలమ్మ చెంబు కింద పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె భర్తకు ఎదురు చెప్పింది తక్కువ.

"ఎంత మాటన్నవయ్యా ఆ పిల్లను. పుట్టింటోల్లు చెయ్యి వట్టి గుంజినా పోలే. ఎందుకున్నదో ఎన్నడన్న అడిగినవా?"

"నువ్వు నడిమిట్ల రాకు."

"వస్త. ఈ ఒక్కసారి వస్త. పోయినోడు ఒక్కడే అనుకుంటున్నవా? ఆని ఎంబడి నువ్వు గూడ పోయినవు. నాకు కొడుకు లేడు. పెనిమిటి ఉన్నడు గని మాటల్లేవు. గీ పిల్ల ఫోన్ల నీ గొంతు ఇన్న తెల్లారి పత్తి ఏరుకుంట నాలో నేను నవ్విన. పక్క సాలు ఆడోల్లు ఏమైందే సాలమ్మా అని అడిగిర్రు. నేనేం సెప్పాలె? నా మొగడు మాట్లాడిండని సెప్పాల్నా?"

ఇస్రాయేలు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. సాలమ్మ పైటతో ముఖం కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో మాట లేదు. కోమల పొద్దున వండి పెట్టేది, సెంటర్‌కు పోయేది, సాయంత్రం అత్త పక్కన కూర్చుని కూర తరిగేది. మామకు అన్నం ఎప్పటిలాగే పెట్టేది. ఆమె ఏడ్చినా, అరిచినా ఇస్రాయేలుకు ఇంత కష్టంగా ఉండేది కాదు. పళ్లెం ముందు పెట్టి "మామా, తినుర్రి" అని ఆమె అన్న ప్రతిసారీ ఆయనకు ముద్ద మింగుడు పడలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆయన వాకిట్లో కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేశాడు.

"కోమలా, జర ఇటు రా బిడ్డా."

ఆమె వచ్చి నిలబడింది.

"కూసో. గా వీడియో పేజీల తీసేసినవు గని... నీ ఫోన్ల ఉన్నదా?"

"ఉన్నది మామా."

"ఒక్కసారి సూపియ్యి."

ఆమె పక్కన కూర్చుని ఫోన్ పట్టింది. ఇస్రాయేలు రెప్ప వేయకుండా చూశాడు. కొడుకు పైకి లేచి కొట్టినప్పుడు ఆయన పెదవులు కదిలాయి. వీడియో అయిపోయింది.

"ఏడో నంబరు, ఏడో నంబరు... అన్ని మాటలు సెప్పిన గని, నా కొడుకు అని ఒక్కసారి గూడ అనలే" అన్నాడు. "మైకు నా చేతుల ఉన్నదని సొంతోన్ని మెచ్చుకుంటే పక్షపాతం అంటరని భయపడ్డ. ఆడు గూడ అడిగిండు ఒకసారి. 'బాపూ, అందరి పేర్లు సెప్తవు, నా పేరు సెప్పవేంది' అని. నవ్వి ఊకున్న. ఇంకో మ్యాచ్‌ల సెప్తలే అనుకున్న."

కోమల ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇయ్యాల ఆట ఉన్నదా?" అని అడిగాడు కొంతసేపటికి.

"సాయంత్రం ఉన్నది మామా. ఆలేరు ఆడపిల్లలు వస్తున్నరు. లైవ్ పెడుతున్నం."

ఆయన లోపలికి వెళ్లి ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

గ్రౌండులో ఇస్రాయేలును చూసి ఐలేశం పరుగెత్తుకొచ్చాడు. "కాకా!" అని చేతులు పట్టుకున్నాడు. వెనకే సాలమ్మ వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మైకు ఆయన చేతికి ఇచ్చారు. ఇస్రాయేలు గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు. కోమల ఫోన్ పట్టుకుని లైవ్ మొదలుపెట్టింది. ఆయన మాట్లాడలేకపోతే అందరి ముందూ నవ్వులపాలవుతాడేమో అని భయపడింది.

"అందరికి దండాలు" అన్నాడు మెల్లగా. "మాట్లాడి శాన దినాలైంది. తప్పులుంటే మన్నించుర్రి." అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి నాలుగు బంతులకు ఆయన గొంతు తడబడింది. ఐదో బంతికి మల్లిక సర్వీసుకు వచ్చింది.

"అగో, మా మల్లిక వస్తాంది. పిల్ల సన్నగున్నదని సులకన జేసేరు, జర పైలం! వొయ్... సూడు, సూడు, బంతి నెట్టును ముట్టకుండ పోయి మూలకు వడ్డది. ఆలేరు బిడ్డలారా, ఫికర్ చెయ్యకుర్రి, మీ వంతు గూడ వస్తది!"

రెండు జట్ల పిల్లలూ నవ్వారు. ఆ తర్వాత ఆయన ఆగలేదు. అందరి పేర్లూ చెప్పాడు, వాళ్ల తల్లుల పేర్లూ చెప్పాడు. తమ్ముణ్ణి గీత అవతల కూర్చోబెట్టి ఆడుతున్న పిల్లను చూసి, "ఆట ఈడ, పానం ఆడ" అన్నాడు. లైవ్‌లో జనం వచ్చి చేరుతూనే ఉన్నారు, వెళ్లిపోవడం లేదు. చిట్యాల పిల్లలు చివరి గేమ్‌లో ఓడిపోయారు. అయినా ఆలేరు కోచ్ వచ్చి, వచ్చే నెల తమ ఊళ్లో జరిగే పోటీలకు ఈ జట్టును రమ్మని పిలిచాడు.

మైకు కింద పెట్టే ముందు ఇస్రాయేలు ఒక్క క్షణం ఆగాడు.

"ఇంకొక్క ముచ్చట. గీ ఆటను మీ అందరి ఫోన్లకు తెచ్చింది మా కోడలు. కోమల. మా డానియల్ భార్య. నా కొడుకు డానియల్ గీ గ్రౌండుల ఆడిండు. శాన మంచిగ ఆడిండు."

ఆడవాళ్ల మధ్యలో సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోమల చేతిలో ఫోన్ అదిరి, లైవ్‌లో చూస్తున్నవాళ్లకు కాసేపు నేల మాత్రమే కనబడింది.

చీకటి పడకముందే ముగ్గురూ ఇంటికి నడిచారు. ఇస్రాయేలు దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. నెట్ దగ్గర బంతిని లిఫ్ట్ చేసి ఇచ్చే పిల్ల ఇంకా వంగాలట, మల్లికకు మంచి బూట్లు కావాలట. ఇంటి గడప దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"కోమలా, మొన్న నోరు జారిన. గా మాట ఎన్క తీస్కోను రాదు. గని ఒకటి ఇను. నువ్వు ఇంకో ఇల్లు చూస్కుంటే అది తప్పు గాదు. నీ వయసుకు చూస్కోవాలె గూడ. గట్ల నువ్వు పోయిన రోజు నేను, మీ అత్త పెండ్లి పెద్దలం. ఆ ఇంటికి మేం సుట్టాలం. నిన్ను మాత్రం ఇడిచిపెట్టం."

కోమల ఇక ఆపుకోలేకపోయింది. డానియల్ పోయినప్పుడు అత్తను పట్టుకుని నిలబెట్టిందే తప్ప, ఈ రెండేళ్లలో ఆమె నలుగురి ముందు మనసారా ఏడ్చింది లేదు. ఇప్పుడు గడపలోనే కూలబడి ఏడ్చింది. సాలమ్మ పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. ఇస్రాయేలు చెంబుతో నీళ్లు తెచ్చి, ఏం చెయ్యాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఏడుపు తగ్గాక, కోమల కళ్లు తుడుచుకుని అడిగింది. "మామా, గా వీడియో మళ్ల పెట్టనా?"

"పెట్టు బిడ్డా. గని కింద పేరు రాయి. అందరు అడుగుతున్నరంట గదా."

"ఏమని రాయాలె?"

ఇస్రాయేలు ఆమె పక్కనే గడప మీద కూర్చుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. ఆమె రాసింది. రాయడం అయ్యాక, చదువు రాని సాలమ్మ, "నాకు గూడ సదివి ఇనిపియ్యి" అంది.

కోమల చదివింది. "ఆడుతున్నది డానియల్. సాలమ్మ, ఇస్రాయేలు కొడుకు. కోమల పెనిమిటి. మైకుల మాట్లాడుతున్నది డానియల్ బాపు."